పాత ఆల్టోకి సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేయించొచ్చా? 800, ఆల్టో, ఆమ్నీ ఉన్నవాళ్లు ఓసారి రండి

గంటస్తంభం · విజయనగరం

అందరికీ నమస్కారం. బండి 2009 ఆల్టో ఎల్‌ఎక్స్ఐ, ఏపీ 35 నంబరు, నాన్నగారి దగ్గర్నుంచి నాకొచ్చింది. ఇంజినుకి ఢోకా లేదు, ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. గొడవంతా గేర్లతోనే. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు వేస్తే కర్రుమంటోంది. ఐదో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే లివరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. భోగాపురం దగ్గర హైవే ఎక్కినప్పట్నుంచీ ఎడం చెయ్యి లివరు మీంచి తియ్యకుండా నడుపుతున్నాను.

మెకానిక్‌కి చూపిస్తే కిందకి కూడా వంగలేదు. "గేర్‌బాక్స్ పోయింది, విప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, గాజువాక ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్‌ది తెప్పించి వేసేద్దాం, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాను" అన్నాడు. బాక్సు 9 వేలట, బిగింపు వేరేట. ఆల్టోది దొరక్కపోతే మారుతి 800ది కూడా పట్టేస్తుంది అంటున్నాడు. నిజమేనా? ఎవరైనా వేయించుకున్నవాళ్లుంటే చెప్పండి.

ఐదో గేరు · రాజాం

వేయించీ బావూ, మరి ఆలోచించకు. నా ఆల్టోకి అలాగే వేయించీసేను. కొన్నేళ్లయింది, ఇప్పటికీ కిక్కురుమనలేదు. కొత్తది కంపెనీలో అడిగితే వాళ్లు చెప్పే రేటుకి ఇంకో పాత ఆల్టో వచ్చీస్తాది. ఈ బండ్లకి దొరికినన్ని పాత సామాన్లు ఇంకే బండికీ దొరకవు.

సాలూరు లారీ · సాలూరు

ఆగండి ఆగండి. ఇంకా జబ్బేటో తేలకుండానే ఆపరేషను టేబులు ఎక్కించేస్తున్నారు.

గంటస్తంభం గారూ, ఒక పని చెయ్యండి. ఇంజిను ఆన్‌లో ఉంచి క్లచ్ అడుగుదాకా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్సు వెయ్యండి. రివర్సుకి సింక్రో, అంటే పళ్లు కలిసే ముందు వేగాలు సమానం చేసే ఏర్పాటు, ఉండదు. తొక్కినా క్లచ్ ఇంజిను నుంచి పూర్తిగా విడిపోకపోతే రివర్సు కర్రుమని అరుస్తుంది. అలా అరిస్తే తప్పు గేర్‌బాక్స్‌ది కాదు, క్లచ్‌ది. ఒక్కోసారి కేబుల్ అడ్జస్ట్‌మెంటుతో పోతుంది. అరవకుండా మెత్తగా పడిందంటే క్లచ్ బాగానే ఉందని.

రెండోది, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీద కాలు లేకుండా వినండి. ఏదైనా సన్నగా మూలిగినట్టు వస్తోందా? క్లచ్ తొక్కగానే ఆగిపోతోందా? లేక తొక్కినప్పుడే మొదలవుతోందా?

ఈ రెండూ చెప్పండి, తర్వాత మాటాడదాం.

గంటస్తంభం · విజయనగరం

ఇప్పుడే చూశాను. రివర్సు మెత్తగా పడింది. న్యూట్రల్‌లో సన్నగా గుయ్‌మని వస్తోంది, క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. ఇన్నాళ్లూ అది ఇంజిను శబ్దమే అనుకున్నాం ఇంట్లో.

సాలూరు లారీ · సాలూరు

అయితే ఇది. క్లచ్ వదిలినప్పుడు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, తొక్కితే ఆగుతుంది. తొక్కినప్పుడు శబ్దం పోతోందంటే ఆ ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు అరిగింది. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగు. మీకు మొదటిది.

రెండో గేరుకి సింక్రో రింగు పోయింది. ఇత్తడి రంగులో గాజంత ఉంటుందది. లోపలి వైపు సన్నటి గీతలుంటాయి, మరచుట్ల లాగా. గేరు మీదున్న కోనుకి ఈ రింగు ఒరుసుకుని, రెండింటి వేగాన్నీ సమానం చేశాకే పళ్లు కలవనిస్తుంది. ఆ గీతలు అరిగి నున్నగా అయిపోతే నూనె పొరని కొయ్యలేదు, వేగం కలవదు, పళ్లు కొట్టుకుంటాయి. పొద్దున్న ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఎక్కువ అరుస్తుంది. ఊళ్లో తిరిగే బండికి రెండో గేరే ముందు పోతుంది. మయూరి జంక్షన్ నుంచి కోట జంక్షన్ దాకా వెళ్లి వస్తే ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఇంతే కదా.

ఐదో గేరు సంగతి వేరు. దానికి మూడు అనుమానాలున్నాయి. ఒకటి, గేర్‌బాక్స్ మౌంటింగు రబ్బరు తెగి ఉండాలి. యాక్సిలరేటర్ వదలగానే ఇంజినూ బాక్సూ కలిసి కదులుతాయి, ఆ కుదుపుకి లివరు రాడ్డు గేరుని బయటకి లాగేస్తుంది. రెండు, రాడ్డు బుష్షులు. మీ మోడలుకి కేబుల్ కాదు, రాడ్డే. లివరు అటూ ఇటూ గరిటెలా ఆడుతోందంటే అవే. మూడు, నిజంగానే ఐదో గేరు స్లీవు, అంటే గేరుని షాఫ్టుతో కలిపే పట్టీ, దాని పళ్లు అరిగి ఉండాలి. మూడోదే అయినా కంగారక్కర్లేదు. ఈ బాక్సులో ఐదో గేరు మిగతా నాలుగింటితో పాటు లోపల ఉండదు. చక్రం వైపు పక్క మూత తీస్తే అక్కడే కనిపిస్తుంది. బాక్సు మొత్తం చీల్చక్కర్లేదు.

కిందకి వంగి చూడకుండా బాక్సు పోయిందన్నాడంటే, ఆయనకి విప్పడం రాదో, విప్పే తీరిక లేదో. దింపడం, ఎక్కించడం ఎవరైనా చేస్తారు.

నాగావళి ఒడ్డు · శ్రీకాకుళం

800 బాక్సు పడుతుందా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకూ అదే అనుమానం. నా దగ్గర 2004 మారుతి 800 ఉంది, నాలుగు గేర్లది. ఆల్టో ఐదు గేర్లది ఎక్కించుకుందామని ఎప్పట్నుంచో ఉంది. అరసవల్లి నుంచి వైజాగ్ వెళ్లొస్తే చెవులు గింగుర్లెత్తిపోతున్నాయి. నాలుగో గేరులో 80 దాటితే ఇంజిను ఏడుస్తుంది.

పాత కార్బురేటర్ · శ్రీకాకుళం

ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కుర్రాళ్లు ఓపిక పట్టండి.

మా రోజుల్లో కారంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్. రెండింటికీ గేరు లివరు స్టీరింగు పక్కనే ఉండేది. ఏడు రోడ్ల జంక్షన్లో ట్యాక్సీ డ్రైవర్లు లివరు కిందకీ మీదకీ లాగుతుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్లం. గేర్‌బాక్స్ ఇంజిను వెనకే, చక్రాలకి తిప్పుడు మాత్రం వెనక ఇరుసుకి, మధ్యలో పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు.

ఈ మారుతి పుట్టుక సాఫీగా జరగలేదు. 1971లో సంజయ్ గాంధీ మారుతి లిమిటెడ్ పెట్టేడు. జనం కొనుక్కోగలిగే చిన్న కారు తయారు చేస్తామన్నారు, జనం చేతికి కారు రాలేదు, 1977లో కంపెనీ మూతపడింది. ఆయన 1980లో పోయేక ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని, 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ లిమిటెడ్ అని కొత్తగా పెట్టింది. సాంకేతికం కోసం లోకమంతా తిరిగేరు. చివరికి 1982 అక్టోబరులో సుజుకితో ఒప్పందం కుదిరింది, వాళ్ల వాటా 26 శాతం. అప్పటికి జపాన్లోనే సుజుకిది చిన్న స్థాయి. ఇక్కడికి రావడానికి వాళ్ల కంపెనీ అధిపతి ఒసాము సుజుకి చూపించిన తెగువే మన రోడ్లని మార్చింది అంటాను నేను. తర్వాత 2002లో పెద్ద వాటా వాళ్లదయింది, 2007లో పేరు మారుతి సుజుకి అయింది.

1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరా గాంధీ ఇచ్చేరు. ధర 50 వేలకి అటూ ఇటూ. దానికి ముందే లక్ష పైన బుకింగులు వచ్చీసేయి, లాటరీ తీసి ఇచ్చేరు. మన వైపు డాక్టర్లకీ కాంట్రాక్టర్లకీ ముందు వచ్చేయి. పెళ్లికి కారు కావాలంటే వాళ్లింటికి వెళ్లి అడిగేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కారులో ఇంజిను అడ్డంగా ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. దాని పక్కనే గేర్‌బాక్స్, మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా అందులోనే. తిప్పుడు ముందు చక్రాలకే. పొడుగు షాఫ్టూ లేదు, వెనక బరువూ లేదు. లివరు నేల మీదకి వచ్చింది. స్టీరింగు పక్క లివరుకి అలవాటుపడ్డ డ్రైవర్లు మొదట్లో గేరు కోసం గాలిలో చెయ్యాడించేవారు.

మొదటి డబ్బా ఆకారం 1986 దాకా. ఆ ఏడు బాడీ మారింది, మీరందరూ చూసింది ఆ రెండోదే. బాడీ మారినా నాలుగు గేర్ల ఏర్పాటు అలాగే ఉంచీసేరు. 2000లో మాత్రం ఇంజెక్షన్ ఇంజినుతో, సిలిండరుకి నాలుగు వాల్వులతో, ఐదు గేర్లతో 800 ఒకటి వచ్చింది. బాగుండేది. కొన్నాళ్లకే ఆపీసేరు, ఎందుకంటే అదే ఇంజినూ ఐదు గేర్లూ పెట్టుకుని అదే 2000లో ఆల్టో వచ్చింది. ఒకే కొట్టులో ఇద్దరు అన్నదమ్ములు ఒకే సరుకు అమ్మితే ఎలగ? 800కి నాలుగు గేర్లే ఒగ్గీసి, చవక కారుగానే చివరిదాకా నడిపించేరు. 2010 నుంచి పెద్ద నగరాల్లో అమ్మకం ఆపేరు, 2014 జనవరిలో తయారీయే ఆపీసేరు. అప్పటికి 27 లక్షలు దాటేయి.

ఇందుకే ఐదో గేరు గారు అన్నట్టు సామాను దొరుకుతుంది. మూడు దశాబ్దాలు అదే ఇంజినూ అదే రకం బాక్సూ చేస్తూ పోయేరు. బాడీ తుప్పు పట్టి తుక్కులోకి పోయినా బాక్సు బతికే ఉంటుంది. అలాంటివే విజయవాడలోనూ గాజువాకలోనూ వరసగా పేర్చి ఉంటాయి. అవి ఎన్నేసి లక్షల కిలోమీటర్లు తిరిగేయో మాత్రం ఏ మీటరూ చెప్పదు. మీటరు కారుతో పోతుంది, బాక్సుతో రాదు కదా.

నాగావళి బాబూ, 800కి ఆల్టో ఐదు గేర్లది ఎక్కించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గంటస్తంభం గారిది తిరగేసిన బేరం. ఆల్టోకి 800 బాక్సు వేస్తే ఉన్న ఐదో గేరు పోగొట్టుకోవడమే.

ఐదో గేరు · రాజాం

మాస్టారూ, పేరు పెట్టుకున్నవాడిని, ఐదో గేరు పోగొట్టుకోమని నాను ఎప్పుడూ అనను. ఆల్టోకి ఆల్టోదే.

సాలూరు లారీ · సాలూరు

మాస్టారు చెప్పినదానికి కొసరు. ఆల్టో అని రాసి ఉన్న ప్రతీదీ ఒకటి కాదు. ఆల్టో కే10 2010లో వచ్చింది, ఇంజినే వేరు, బాక్సూ వేరు. 2012లో వచ్చిన ఆల్టో 800కి రాడ్డు తీసేసి కేబుల్ గేరు పెట్టేరు. మీ 2009కి ఇవేవీ వద్దు. అమ్మేవాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. మీ బాక్సు దింపి పక్కన పెట్టి, బోల్టు రంధ్రాలు, మౌంటింగు చెవులు, లివరు రాడ్డు తగిలే చోటు, స్పీడోమీటరుని తిప్పే చిన్న పళ్ల చక్రం (పినియను), ఇవన్నీ పోల్చి చూడందే డబ్బులివ్వకండి. పినియను పళ్లు తేడా వస్తే బండి 60లో వెళ్తుంటే మీటరు 50 చూపిస్తుంది.

నాగావళి గారూ, మీరు చేయించాలనుకుంటే బాక్సు ఒక్కటే కొనకండి. దాంతో పాటు రాడ్డు, మౌంటింగు, క్లచ్ సెట్టు, స్పీడోమీటరు పినియను అదే బండివి తీసుకోండి. తలో చోట ఒక్కోటి ఏరుకొచ్చి అతికితే, ఆ కుట్లు మళ్లీ మా దగ్గరికే వస్తాయి.

జీడిపిక్క · పలాస

సెకండ్ హ్యాండ్ బాక్సు అంటే నాకు భయం. ఎందుకో చెప్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు బండ్లు నీళ్లలో నానిపోయేయి. మా చుట్టాలది ఒకటి బోనెట్టు దాకా మునిగింది. దాన్ని తుక్కు కింద అమ్మీసేరు. ఆ బాక్సు ఎవరి కారులోనో తిరుగుతూనే ఉండుంటాది. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు కూడా కార్లు బోలెడు వేలంలో పోయేయి. అవన్నీ విడగొట్టి అమ్మిందే కదా.

బయట బ్రష్షు పెట్టి కడిగి, వెండి రంగు స్ప్రే కొడితే కొత్త పెళ్లికూతురే. లోపల నీళ్లు దూరేయో లేదో ఎలగ తెలుస్తాది?

సాలూరు లారీ · సాలూరు

మంచి ప్రశ్న. బాక్సు పైన గాలి ఆడే గొట్టం ఒకటి ఉంటుంది. నడిచిన బండి వేడిగా ఉండగా నీళ్లలో దిగితే, లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ గొట్టంలోంచీ సీళ్లలోంచీ నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే ఆయిల్ తీయించి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం, వెనక్కి తిరిగి వచ్చేయండి. బేరింగులకి తుప్పు మచ్చలు పడ్డాక ఎన్ని ఆయిళ్లు మార్చినా ఆ ఏడుపు పోదు.

ఆయిల్ పూర్తిగా తీసేసి అమ్ముతున్నాడంటే ఇంకా అనుమానించాలి. అప్పుడు అడుగున డ్రెయిన్ బోల్టు విప్పించండి. దాని కొసకి అయస్కాంతం ఉంటుంది. నల్లటి ముద్దలా మెత్తగా పేరుకుని ఉంటే ఫర్వాలేదు, అది మామూలు అరుగుదల. వేలితో నలిపితే గుచ్చుకునే ముక్కలున్నాయంటే పళ్లు విరిగేయి. ఆయిల్‌లో పసుప్పచ్చగా మెరిసే పొడి ఉంటే సింక్రో రింగులు అరిగేయి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు, అందుకే ఆయిల్‌ని తెల్ల కాగితం మీద వేసి ఎండలో చూడాలి.

తర్వాత ఇన్‌పుట్ షాఫ్టుని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కదిలితే బేరింగు పోయినట్టే. ఒక్కో గేరూ వేస్తూ షాఫ్టు చేత్తో తిప్పండి. ఎక్కడైనా గరగరమన్నా, ఆగి ఆగి తిరిగినా వద్దు. కేసింగు చెవుల దగ్గర అల్యూమినియం వెల్డింగు గీత కనిపిస్తే, ఎంత తక్కువకిచ్చినా వద్దు. అది ఏ యాక్సిడెంటు బండిదో.

ఇంకోటి. ఆర్సీలో ఇంజిను నంబరూ ఛాసిస్ నంబరే ఉంటాయి, గేర్‌బాక్స్‌ది ఉండదు. కాబట్టి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అదే కారణంగా దొంగ బండి సామాను కలిసిపోవడానికీ వీలెక్కువ. ఏ బండి నుంచి తీసేడో ఆ నంబరు రాయించి బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి.

బొబ్బిలి వీణ · బొబ్బిలి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి అన్నయ్యా. నాది ఆటోమేటిక్, సెలెరియో. స్కూలుకి రోజూ దాంట్లోనే వెళ్తాను. ఈమధ్య ఘాట్లో ఎక్కేటప్పుడు వెనక్కి జారి, గేరు పడక డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. ఒకాయన గేర్‌బాక్స్ మార్చాలి, ఆటోమేటిక్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌దే లక్షకి దగ్గర పడుతుంది అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

సాలూరు లారీ · సాలూరు

నిద్రపోండి చెల్లెమ్మా. మీది అసలు ఆటోమేటిక్ గేర్‌బాక్సే కాదు. 2014 ఫిబ్రవరిలో సెలెరియోతో తెచ్చేరు దీన్ని, ఏజీఎస్ (ఆటో గేర్ షిఫ్ట్) అంటారు. లోపలున్నది మామూలు మాన్యువల్ బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మీ ఎడం కాలూ ఎడం చెయ్యీ చేసే పనిని ఒక హైడ్రాలిక్ పంపూ యాక్చుయేటరూ చేస్తాయి, వాటికి చెప్పేది కంప్యూటరు. అందుకే మిగతా ఆటోమేటిక్‌ల కన్నా తక్కువకి ఇవ్వగలిగేరు.

లైటు వెలిగిందంటే ముందు స్కానరు పెట్టి కోడు చూడాలి. క్లచ్ ప్లేటు అరిగిందా, యాక్చుయేటరు ప్రెజరు తగ్గిందా, ఉత్త సెన్సరా అన్నది అక్కడ తెలుస్తుంది. క్లచ్ మారిస్తే తర్వాత కంప్యూటరుకి కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నేర్పించాలి, అదీ స్కానరుతోనే. అది చెయ్యకుండా బండి ఇచ్చేస్తే కుదుపులు వస్తాయి, మళ్లీ బాక్సు మీద పడతారు.

ఇంకో మాట. పి.కోనవలస ఘాట్లో లారీల వెనక ఆగినప్పుడు యాక్సిలరేటరుతో బండిని నిలబెడుతున్నారా? అలా చేస్తే క్లచ్ సగం పట్టి సగం జారి కాలిపోతుంది. ఎత్తు మీద ఆగితే బ్రేకు మీదే ఉండండి, కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు వాడండి.

బొబ్బిలి వీణ · బొబ్బిలి

అక్షరాలా అదే చేస్తున్నాను! ఎవరూ చెప్పలేదు. షోరూములో ఇచ్చినప్పుడు "కాలు ఒక్కటి చాలు మేడమ్" అన్నారంతే.

ఐదో గేరు · రాజాం

ఇక్కడ నా మాట ఒకటి. ఇంత చూసి కొనేవాడెవడు? నాకు బాక్సు రాత్రి బస్సులో వేసి పంపేరు, పొద్దున్న బిగించేరు. కొంచెం శబ్దం ఉంటే 140 ఆయిల్ పోసేరు, తగ్గిపోయింది.

సాలూరు లారీ · సాలూరు

అన్నా, శబ్దం తగ్గింది, జబ్బు తగ్గలేదు. చిక్కటి ఆయిల్ పోస్తే పళ్ల మధ్య సందు నిండి మూలుగు వినపడదు. పాత బండి అమ్మేవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది, పూర్వం రంపపు పొట్టు కూడా కలిపేవారని మా గురువుగారు చెప్పేవారు. చిక్కటి ఆయిల్‌తో సింక్రో పని చెయ్యదు. చలికాలం పొద్దున్న మీ రెండో గేరు ఎలా పడుతుందో నిజం చెప్పండి.

ఐదో గేరు · రాజాం

కొంచెం బిగువుగానే పడుతుంది. ఒప్పుకోను కానీ పడుతుంది.

నాగావళి ఒడ్డు · శ్రీకాకుళం

మరి ఏ ఆయిల్ పొయ్యాలి? కొట్టువాడు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ ఇచ్చేడు, జీఎల్-4 కాకుండా, నాలుగు కన్నా ఐదు పెద్దది కదా, మంచిదన్నాడు.

పాత కార్బురేటర్ · శ్రీకాకుళం

అది పరీక్షలో మార్కులు కావు బాబూ. జీఎల్-5 వెనక ఇరుసు డిఫరెన్షియల్ కోసం, అందులో ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ ఒరుసుకునే హైపాయిడ్ పళ్ల కోసం. దాంట్లో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ. కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి, పైగా బాగా జారుడు. సింక్రో రింగుకి కావలసింది ఒరిపిడి. సింక్రో ఉన్న మాన్యువల్ బాక్సుకి జీఎల్-4, 75డబ్ల్యూ-80 గానీ 75డబ్ల్యూ-90 గానీ, మీ బండి పుస్తకంలో ఏది రాస్తే అది. పోసేటప్పుడు పక్కన లెవెల్ బోల్టు తీసి ఉంచాలి. అక్కణ్నుంచి పొర్లితే సరిపోయినట్టు. సీసా మీద లీటరు అని ఉంది కదా అని ఒక్క సీసా పోసి మూసేసిన మహానుభావులున్నారు.

గంటస్తంభం · విజయనగరం

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. సిరిమాను పండగ హడావుడి, ఇంటి నిండా చుట్టాలు.

గాజువాక వెళ్లాను. మీరు చెప్పినట్టే ఆయిల్ చూపించమంటే మొదటి కొట్టాయన నవ్వి, "సార్ మెకానికా?" అన్నాడు. బాక్సు వెండి రంగులో మెరిసిపోతోంది. బోల్టు విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. పక్క కొట్లో విప్పారు. కాగితం మీద వేసి ఎండలో పెడితే బంగారు పొడి చల్లినట్టు మెరిసింది. ఇన్‌పుట్ షాఫ్టు కూడా ఊగింది. అంటే నా బాక్సుకున్న జబ్బే దానికీ ఉంది, పైగా 9 వేలు ఇచ్చి తెచ్చుకోవాలి! ఒకటి మాత్రం బాగుంది, చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది, కానీ అది కేబుల్ గేరుది.

ఖాళీ చేతుల్తో వచ్చి, బాలాజీ జంక్షన్ దగ్గర ఒక పెద్దాయన బాక్సులు విప్పుతాడని తెలిసి ఆయన దగ్గర పెట్టాను. మెట్టు మీద కూర్చుని చూశాను. ముందు లివరు రాడ్డు ఊపి చూసి బుష్షులు మార్చాడు. మౌంటింగు రబ్బరు మధ్యలో చీలి ఉంది, నా వేలు దూరింది. ఇవి రెండూ మార్చాక కూడా ఐదో గేరు అప్పుడప్పుడూ జారింది. పక్క మూత తీసి స్లీవు చూపించాడు. పళ్ల కొసలు ఒక పక్క గుండ్రంగా అరిగి ఉన్నాయి, వేలితో రాస్తే తెలుస్తోంది. తర్వాత బాక్సు దింపి రెండో గేరు రింగు, ఇన్‌పుట్ బేరింగు, సీళ్లు మార్చాడు. పాత రింగు, కొత్త రింగు పక్కపక్కన పెట్టాడు. కొత్తదాన్ని గోటితో గీస్తే గీతలు తగిలాయి, పాతది అద్దంలా ఉంది.

ఎలాగూ దింపాం కదా అని క్లచ్ ప్లేటూ రిలీజ్ బేరింగూ కూడా వేయించాను, లేబరు కలిసొచ్చింది. మొత్తం కలిపి పాత బాక్సుకీ బిగింపుకీ అయ్యేదానికన్నా కొంచెం ఎక్కువే అయింది. బండి సాయంత్రానికి రాలేదు, సామాను వైజాగ్ నుంచి రావాల్సి వచ్చి రోజులు పట్టింది. ఆటోల్లో తిరిగాను. అయినా లోపల ఏముందో నాకిప్పుడు తెలుసు.

ఐదో గేరు · రాజాం

బావుంది బావూ. కానీ అందరికీ అలాంటి పెద్దాయన దొరకడు. మా రాజాంలో విప్పేవాడు ఒకాయన ఉండేవాడు, కొడుకుని సాఫ్ట్‌వేరుకి పంపీసి షాపు మూసీసేడు. దొరకనివాడికి సెకండ్ హ్యాండ్ బాక్సే గతి. సాలూరు గురువుగారు చెప్పినట్టు చూసి కొంటే తప్పు లేదంటాను.

సాలూరు లారీ · సాలూరు

తప్పు లేదు. ప్రమాదంలో కేసింగు పగిలినా, డిఫరెన్షియల్ పళ్లు విరిగినా, అప్పుడు నేను కూడా సెకండ్ హ్యాండ్ బాక్సే చెప్తాను, విడి సామాను లెక్కకి అందదు. అప్పుడు కూడా ఎక్కించే ముందే విప్పించి రింగులూ సీళ్లూ వేయించి ఎక్కించండి. ఎక్కించాక విప్పాలంటే లేబరు రెండుసార్లు. ఇంకోటి, 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 నుంచి 5 వేలు, 20 దాటితే ఇప్పుడు 10 వేలు. బండిని ఎన్నాళ్లు ఉంచుకుంటారో అనుకుని దాన్నిబట్టి ఖర్చు పెట్టండి. ఇంకో ఏడాదిలో అమ్మేసే బండికి ఇంత అక్కర్లేదు.

ఆమ్నీ మావ · నరసన్నపేట

మా ఆమ్నీ గురించి ఎవరూ మాటాడరేటి? మాది కూడా మారుతే కదా, అదే 796 ఇంజినే. గేరు మార్చి క్లచ్ వదిలితే కింద నుంచి టక్‌మని కొడతాది. ఆల్టోవి అన్నేసి ఉన్నాయంటున్నారు, ఒక ఆల్టో బాక్సు దీనికి పట్టించొచ్చా?

సాలూరు లారీ · సాలూరు

పట్టదు మావా. మీది 1984లో వచ్చిన వ్యాను కుటుంబం. ఇంజిను అదే అయినా సీటు కింద నిలువుగా ఉంటుంది, తిప్పుడు వెనక చక్రాలకి. డిఫరెన్షియల్ వెనక ఇరుసులో ఉంటుంది, బాక్సులో ఉండదు. ఆల్టో బాక్సుకి పొడుగు షాఫ్టు తగిలించే చోటే లేదు.

ఆ టక్‌మన్నది బాక్సుది కాకపోవచ్చు కూడా. బండి కిందకి దూరి, చక్రాలకి అడ్డుకర్రలు పెట్టి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ షాఫ్టు చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు కొసల్లోనూ క్రాసు జాయింట్లు ఉంటాయి. అక్కడ సందు కనిపించినా, తుప్పు పొడి రాలినా వాటినే మార్పించండి. బాక్సు గురించి తర్వాత ఆలోచిద్దాం.